ఒగ్గీసిన చిరుత

ఎవరైనా ఒక కన్ను మూస్తే నాకిప్పటికీ మా పక్క క్వార్టర్ మావయ్యే గుర్తొస్తాడు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఉండేవాడు. వారమంతా వర్క్‌షాపులో ఫిట్టరు, ఆదివారం వేటగాడు. ఝార్‌గ్రామ్ అడవిలో చిరుతను కొట్టిన కథ చెప్పాలంటే ముందు ఎడమ కన్ను మూసి గురి పెట్టేవాడు. చివర, చంపేశానని చెప్పడానికి, ఎప్పుడూ ఒకటే మాట: "ఏసీసినాను."

ఒక సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ మైదానంలో సినిమాకు ముందు అడవి జంతువుల మీద చిన్న చిత్రం వేశారు. తెర మీద తల్లి చిరుత పిల్లల్ని నాకుతోంది. వీటిని చంపేవాడు వీరుడు కాడని హిందీలో ఒక గొంతు గంభీరంగా చెప్పింది. మైదానమంతా మావయ్య వైపు తిరిగింది.

"ఏటలా సూస్తారు? గురి సూసినాను గానీ, పిల్లల తల్లని జాలేసి ఒగ్గీసినాను" అన్నాడు, ఎడమ కన్ను మూసి మరీ.

వదిలేశాడట, ఎంత మంచి మనసో అని అందరూ మెచ్చుకుంటుండగా, వెనక చాప మీద వేరుశనక్కాయలు ఒలుస్తున్న అత్తయ్య తాపీగా అంది:

"ఈయన సెట్టెక్కి కూకున్నాడు. అది తెల్లార్లూ కింద కాసుక్కూకుంది. ఆకరికి అదే ఈయన్ని ఒగ్గీసింది."

మావయ్య రెండో కన్ను కూడా మూసుకున్నాడు.