దారి అంచున రాళ్ళు

అటవీ శాఖలో ముప్ఫయ్యొక్కేళ్ళుగా కొండదారులు వేస్తున్న మేస్త్రిని అందరూ రసమట్టం అనేవారు. తాపీవాళ్ళు గోడ మీద పెట్టి, బుడగ ఎటు జరిగిందో చూసుకునే పరికరం అది. ఈయనకి ఆ బుడగ కంట్లోనే ఉందని ఎవరో అన్నారు, ఆ పేరే అతుక్కుపోయింది. కొండవైపు కాస్త ఎత్తు, లోయవైపు కాస్త పల్లం, అంతే ఆయన విద్య. వాన నీళ్ళు దారిని అడ్డంగా దాటి లోయలోకి పోవాలి, దారి వెంట పారకూడదు. ఈ ముక్క పనిలో చేరిన ప్రతివాడికీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. పోరవలసిన ఆ ఒక్కరోజు మాత్రం నోరు మెదపలేదు.

ఆయన భార్యకి ఊపిరితిత్తుల జబ్బు. ఇరవై అడుగులు వేస్తే ఆగి, గోడో కుర్చీయో పట్టుకోవాలి. "ఇన్నేళ్ళు మీకు క్యారేజీ కట్టాను. అది ఎక్కడ కూర్చుని తింటారో ఒక్కసారైనా చూడలేదండీ" అంది ఒకరోజు, కూర తరుగుతూ, మామూలుగానే. ఆయన తినేది కొండ నెత్తిన ఒక పెద్ద బండ మీద. కింద సరస్సంతా కనిపిస్తుంది. ఆ మాట ఆయన్ని నిద్రపోనివ్వలేదు.

ఉద్యోగంలో మిగిలిన ఆఖరి దారి ఆ బండకే. దాన్ని ఆవిడ ఊపిరికి కొలిచి గీశాడు. మెట్టన్నది లేదు, అన్నీ నిదానమైన మలుపులే. ప్రతి ఇరవై అడుగులకీ నిలబడడానికి చదును. "నత్తలకి వేస్తున్నావా ఏంటయ్యా" అని ఆఫీసరు నవ్వాడు. నవ్వితే నవ్వాడు. డాక్టరు మాత్రం నవ్వలేదు. "ఈ ఏడే తీసుకెళ్ళండి. వచ్చే ఏడాదికి అని పెట్టుకోకండి" అన్నాడు. ఆవిడ అప్పుడే గుడ్డబూట్లు కొనిపించుకుంది. కానీ కొత్త దారి మీద ఒక మంచి వాన పడి, అది నిలబడితే గానీ మనుషుల్ని ఎక్కనివ్వకూడదని శాఖలో నియమం. ఆ నియమం పట్టుబట్టి పెట్టించింది కూడా ఈ మహానుభావుడే.

సెలవుల్లో అడవికి సేవ చేస్తామని పదహారుమంది కాలేజీ పిల్లలు వచ్చారు. ఎనిమిది రోజులు డేరాల్లో ఉండి దారి పూర్తిచెయ్యాలి. వాళ్ళు గునపం పట్టిన తీరు చూసి ఏడవాలో నవ్వాలో తెలియలేదాయనకి. రెండో రోజుకే అందరి అరచేతులూ బొబ్బలెక్కాయి. అయినా పనిదొంగ ఒక్కడూ లేడు. "ఇంత మెల్లగా ఎక్కించడం ఎందుకు బాబాయ్?" అని పొడుగుజడ పిల్ల అడిగితే, పారకి ఆనుకుని, ఉన్నదంతా చెప్పేశాడు. ఆ రోజు నుంచి వాళ్ళకది పిన్నిగారి దారి అయిపోయింది. చదును వచ్చిన చోటల్లా ఎవరో ఒకరు ఆయాసపడుతున్నట్టు నిలబడి, చోటు సరిపోతుందా అని చూసేవారు.

ఆరోరోజు ఆయన భార్యని ఆసుపత్రిలో చూపించి, సాయంత్రానికి పైకి వచ్చాడు. దారి బయటి అంచు పొడవునా రాళ్ళ వరస. జానెడు ఎత్తు, సందుల్లో బంకమట్టి కూరి, కాళ్ళతో తొక్కి మరీ గట్టి చేశారు.

"వాలు లోయవైపు ఉంది కదా బాబాయ్, మాకు భయమేసింది. పిన్నిగారు తూలితే కాలికి ఏదో ఒకటి అడ్డం ఉండాలి కదా" అంది పొడుగుజడ పిల్ల. చిట్లిన బొబ్బలకి గుడ్డ చుట్టుకుని ఉంది.

ఆయన కంట్లో బుడగ ఎప్పుడో చెప్పేసింది. ఇటు కొండ, అటు రాళ్ళు, నడుమ నీళ్ళకి పోయే దోవ లేదు. వాన పడితే ఇది దారి కాదు, కాలవ. పదహారు మొహాలు ఆయన వైపే చూస్తున్నాయి. "బాగుంది తల్లీ" అన్నాడు. తప్పు పనిని బాగుందనడం ఆయన బతుకులో అదే మొదటిసారి. వానలకి ఇంకా మూడు వారాల గడువుంది, వీళ్ళు వెళ్ళాక బారెడుకొక రాయి పీకేస్తే సరిపోతుంది అనుకున్నాడు.

పిల్లలు వెళ్ళిన మర్నాడు పదకొండు రాళ్ళు పీకాడు. పన్నెండో రాయికి గునపం పెడుతుంటే పక్కింటావిడ ఫోను, మీ ఆవిడ వంటింట్లో పడిపోయిందని.

ఆసుపత్రిలో ఐదు రోజులు మంచం పక్కనే కూర్చుని, పిల్లలు రాళ్ళు పేర్చిన సంగతి ఆవిడకి చెప్పాడు. ఆరోరోజు మధ్యాహ్నం ఆకాశం నల్లబడి, వేళ కాని వేళ కుండపోతగా కురిసింది. ఆవిడ ముక్కుకి ఉన్న గొట్టం సర్దుకుని కిటికీ వైపు తిరిగింది. "పడింది చూడండి మంచి వాన. ఇంక మన దారి తెరుస్తారు" అంది. ఆయన లేచి కిటికీ రెక్క మూశాడు.

మర్నాడు పొద్దున వెళ్ళి చూశాడు. మూడు మలుపుల దగ్గర దారి నడుము లోతున కోసుకుపోయింది. చదునులన్నీ మట్టిగా లోయలో ఉన్నాయి. అంచున రాళ్ళు మాత్రం ఆయన పీకినవి పోగా చెక్కుచెదరలేదు. ఆయన ఆ గుంటలోకి దిగి, కూలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆఫీసరు వచ్చి, "ఇది మళ్ళీ ఎవరు వేస్తారు, వదిలెయ్. పిల్లల పని ఇలాగే ఉంటుంది" అన్నాడు. "పిల్లల పని కాదు సార్, నా పని" అన్నాడు రసమట్టం.

ఆసుపత్రికి తిరిగి వచ్చేసరికి ఆవిడ మెలకువగానే ఉంది.

"దారి చూసొచ్చారా?"

"చూశాను."

"పిల్లలు నా కోసం పెట్టిన రాళ్ళు ఉన్నాయా?"

"ఉన్నాయి. అవి కదల్లేదు."

"అయితే తూలినా భయం లేదు" అంది. కాసేపు ఊపిరి కూడదీసుకుని, "ఆ బూట్లు ఒకసారి తొడగండి. వదులయ్యాయేమో చూద్దాం" అంది.

ఆవిడ అడిగి ఇంటి నుంచి తెప్పించుకున్న బూట్లు ఆయన మంచం కింద నుంచి తీశాడు. వాచిన పాదాలకి అవి ఎక్కలేదు. లేసులన్నీ విప్పి, మడమ దగ్గర బూటు గుడ్డని లోపలికి మడిచి, కాలివేళ్ళ వరకే దూర్చి, పైన దుప్పటి కప్పాడు.

"సరిపోయాయి" అన్నాడు.