తిన్నంక వినాల్నా, తినకముందా?

డాక్టర్ సార్ పోయారని తెలిసిన పొద్దున కూడా, ఇబ్రహీంపట్నం బస్టాండు పక్కనున్న ఆయన క్లినిక్ ముందు ఎప్పటిలాగే మనుషులు కూర్చుని ఉన్నారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని, షటర్ ఇక తెరుచుకోదని వాళ్ళకు చెప్పే పని పక్కనే జిరాక్స్ షాపు నడుపుకునే నా మీద పడింది. చెప్పాను. ఎవరూ లేవలేదు. యాచారం నుంచి వచ్చిన ఒక పెద్దాయన మందుల చీటీ నా ముఖం ముందు ఆడించి, "గట్లెట్ల పోతడు? నన్ను వారమైనంక రమ్మన్నడు గదా!" అని నాతోనే కయ్యానికి దిగాడు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. సార్ అక్కడుంటే, "చూసినవా బిడ్డా, ఒక్కడన్న నేను చెప్పిన రోజుకే వచ్చిండు" అని మురిసిపోయేవారు.

మా దగ్గర జ్వరానికి సూది వేయని డాక్టరును డాక్టరుగానే లెక్కపెట్టరు. సార్ ఊరికే సూది వేయరు. "బస్సుల నిలవడి వచ్చిన సారూ, ఒక్క సూదన్న ఎయ్యవా?" అని బతిమాలినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, జలుబు దానంతటదే ఎందుకు తగ్గుతుందో ఓపిగ్గా చెప్పేవారు. వాళ్ళు అంతా విని, లేస్తూ లేస్తూ, "అయితే సూది ఎయ్యవన్నట్టు" అనేవారు. అలా చెప్పీ చెప్పీ గొంతు పోయిన ఒకనాడు నా షాపుకొచ్చి, "బిడ్డా, నేను టేపురికార్డర్ లెక్క అయిన. ఈ టేపును ఫోన్ల పెట్టరాదా?" అన్నారు. మా పాడ్‌కాస్ట్ పుట్టింది అలాగే. జనం మాత్రం దాన్ని 'సార్ ముచ్చట' అనే అన్నారు.

మధ్యాహ్నం క్లినిక్ షటర్ సగం దించి రికార్డు చేసేవాళ్ళం. బయట ఆటోవాళ్ళు "శేరిగూడ, శేరిగూడ" అని అరుస్తూనే ఉండేవారు. ఒకసారి కడుపులో మంట గురించి సార్ మంచి ఊపులో చెబుతుంటే, షటర్ కింద నుంచి ఒక తల లోపలికొచ్చి "సార్ ఉన్నడా?" అంది. "లేడు. ఫోన్ల ఉన్నడు, అండ్లనే విను" అన్నారు సార్. ఆ మాట కూడా రికార్డులో పడింది, తీయనివ్వలేదు. ఇంకోసారి ఉప్పు ఎందుకు తగ్గించాలో గుండె కరిగేలా చెప్పి, "రికార్డు బందు చేసినవా?" అని అడిగారు. చేశానన్నాను. "అయితే నీ డబ్బల మామిడికాయ తొక్కు జర ఇటియ్యి" అన్నారు. పచ్చడి కనిపిస్తే డాక్టర్లకు కూడా నాలుక ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

అసలు తమాషా ఆ తర్వాత మొదలైంది. డాక్టరు ఇచ్చాడు కాబట్టి జనం ఆ ముచ్చటను కూడా మందులాగే వాడారు. ఒక అవ్వ మనవరాలి ఫోను చేతిలో పట్టుకొచ్చి, "సారూ, ఇది తిన్నంక వినాల్నా, తినకముందా?" అని అడిగింది. సార్ కొంచెం కూడా నవ్వలేదు. "తిన్నంకనే అవ్వా. ఉత్త కడుపుతోని నా మాట వింటే కోపమొస్తది" అన్నారు. మరొకావిడ ఫిర్యాదు ఇంకా పెద్దది. "మా ఆయన దగ్గుకు నేను దినాం వింటున్న సారూ, ఇసుమంత కూడ తగ్గలే!"

ఇంతమందిని చూసి నవ్విన నాకు ఇంట్లో మా అమ్మ ఉంది. అమ్మకు బీపీ. నాలుగు రోజులు ఒళ్ళు తేలిగ్గా ఉంటే చాలు, గోళీలు మానేస్తుంది. అలా మానేసే ఒకసారి కళ్ళు తిరిగి బియ్యం డ్రమ్ము మీద పడింది. "మంచిగనే ఉన్న గదా సారూ, గోళీ ఎందుకు?" అని, చూపించడానికి తీసుకెళ్తే సార్‌నే ఎదురడిగింది. "గోళీ ఏసుకున్నవు గనుకనే మంచిగున్నవమ్మా. వాన పడ్తలేదని ఇంటి మీది రేకులు విప్పుకుంటమా?" అన్నారు సార్. అమ్మ రేకుల సంగతి ఒప్పుకుంది. గోళీల సంగతి ఒప్పుకోలేదు.

ఆ తర్వాత నుంచి సార్ ప్రతి ముచ్చటనూ ఒకే ప్రశ్నతో మొదలుపెట్టేవారు. ప్రశ్న అడిగి, ఏమీ మాట్లాడకుండా ఊరికే కూర్చునేవారు. వినేవాళ్ళు ఫోను పాడైందనుకుంటారు, ఆ ఖాళీ కోసేస్తానన్నాను. "కొయ్యకు బిడ్డా. లేవాలె, డబ్బ దేవులాడాలె, నీళ్ళు ముంచుకోవాలె. మీ అమ్మకు జర టైం పట్టదా?" అన్నారు. ఆ ఖాళీ మా అమ్మ కోసమేనని నాకు అప్పుడు తెలిసింది.

సార్ పోయాక అమ్మ మళ్ళీ గోళీలు మానేసింది. నేను అరిచాను, అలిగాను. "అడిగేటాయననే పోయిండు. ఇగ ఎవరికి జవాబు చెప్పాలె?" అంది. ఆమె కూడా ఏడుస్తోందని అప్పుడు చూశాను. మళ్ళీ ఆ డ్రమ్ము మీద పడితే ఎవరి దగ్గరికి పరుగెత్తాలో నాకు తెలియదు. ఏం చేయాలో తోచక ఫోను తీసి సార్ ముచ్చట ఒకటి పెట్టాను.

"నమస్తే. పొద్దుటి గోళీ ఏసుకున్నరా? ఏసుకోకుంటే పోయి ఏసుకోని రాండ్రి. తొందరేం లేదు, నేను ఈడనే ఉంట."

ఆ తర్వాత మాట లేదు. క్లినిక్ పాత ఫ్యాను కిర్రుమంటోంది, దూరంగా ఎవరో శేరిగూడ, శేరిగూడ అంటున్నారు. అమ్మ కాసేపు ఫోను వైపే చూసింది. "ఆగు సారూ, వస్తున్న" అని గోడ పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళింది. డబ్బా మూత చప్పుడు, బిందెలో చెంబు ముంచిన చప్పుడు. ఇక్కడ ఫోనులో సార్ ఫ్యాను తిరుగుతూనే ఉంది. అమ్మ కొంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చి ఫోను ముందు కూర్చుంది.

"ఏసుకున్న సారూ" అంది. "ఇగ చెప్పు."