వెలవని పసుపు

జీడిమెట్లలో ఒక రంగుల కంపెనీలో పసుపు పొడిని సంచులకు ఎత్తడం నా పని. వంటింటి పసుపు కాదు, రంగుల్లో కలిపే పొడి. పిడికెడు ఎత్తినా బరువుండేది. గాజులరామారంలో మా గడపకు శుక్రవారం రాసిన పసుపు రెండు రోజులకే తుడిచిపెట్టుకుపోయేది. ఈ పొడిని నూనెలో కలిపి పూస్తే ఏడాదైనా వెలిసేది కాదు. కొంగున కట్టుకొచ్చేదాన్ని. దొంగతనమే. వాడకట్టంతా మా గడపను మెచ్చుకునేది.

నా బిడ్డ ఆ గడప మీదే ఆడుకునేది. రెండేళ్లది. లేచిన పెచ్చులు గోకి నోట్లో పెట్టుకుంటే నవ్వేదాన్ని. కడుపునొప్పితో మెలికలు తిరిగింది, ఫిట్స్ వచ్చాయి, పోయింది. దిష్టి అన్నారు. నేనూ అదే అనుకున్నాను. దిష్టి పోవాలని గడపకు ఇంకో పూత వేశాను.

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటినుంచి కంటబడ్డదల్లా కూడబలుక్కుని చదువుతాను. కంపెనీ మూతపడ్డా కొంత పొడి ఇంట్లో మిగిలింది. పక్కింటి చెల్లె ఇంటికి పాకే మనవరాలు వచ్చిందని, మొన్న చివరి పిడికెడూ వాళ్ల గడపకు పూశాను. మా గడపకు రంగు కొందామని నిన్న దుకాణానికి వెళితే డబ్బా మీద రాసి ఉంది: సీసం లేదు.

"ఏంది బిడ్డా, సీసా లేదని గూడ రాస్తరా?"

దుకాణపాయన పకపకా నవ్వాడు. "సీసా గాదవ్వా, సీసం. ఇసమది. ఎనకట పసుపు రంగుల్ల మస్తు ఉంటుండె. పిల్లల కడుపులకు వోతే ఫిట్సొస్తయి. పాణం గూడ వోతది."

రంగు కొనలేదు. తిరిగొచ్చేసరికి పక్కింటి పాప గడప మీద చేతులాన్చి లేవబోతోంది. వేళ్లు పసుప్పచ్చగా ఉన్నాయి. చెల్లె పక్కనే బియ్యం ఏరుతోంది.

"జల్దీ పిల్లనెత్తుకో. గది పసుపు గాదు, ఇసం. నేనే పూసిన."

"పొద్దుగాల్నే కల్లు దాగినవా అక్కా?"

"నా బిడ్డ గట్లనే వోయింది."

ఆమె పిల్లను లాక్కుని నోట్లో వేలు పెట్టి తుడిచింది. "నీ సేతులిర్గ!" అంది. ఆటో ఆపి నా రెక్క పట్టుకు గుంజింది. "ఎక్కు. ఏం రంగో డాక్టరుకు నువ్వే జెప్పాలె."

చెప్పాను. డాక్టరమ్మ పాప రక్తం తీయించి, నా వైపు తిరిగింది.

"నోట్లో పెట్టుకోవడం మీరు చూశారా?"

"గీ పిల్లను సూడలే," అన్నాను. "నా బిడ్డను సూసిన."