టిన్ను నీళ్లు

నాకు మనుషుల మీద కంటే నీళ్ల మీదే అనుమానం ఎక్కువ. కొల్లేరు పక్క ఊళ్లో సైన్సు టీచరుగా చేరాక అది మరీ ముదిరింది. అక్కడ బోరు నీళ్లు ఉప్పన. అందుకని బడి పిల్లలు తాగడానికి ఫిల్టరు ప్లాంటు నుంచి టిన్నులు వచ్చేవి. ఆ ప్లాంటు మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి వాళ్ల నాన్నది. టిన్ను నీళ్లూ ఉప్పగానే ఉన్నాయండీ అని పిల్లలు గొణిగేవారు. వేషాలని పెద్దలు కొట్టిపారేసేవారు.

ఆ రోజు ఆ ఎనిమిదో తరగతికే, ఏ ద్రావణంలో కరెంటు పారుతుందో చూపిస్తున్నాను. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, చిన్న ఎల్‌ఈడీ బల్బు, వాటికి వైర్లతో కలిపిన, రెండు కొసలా చెక్కిన పెన్సిళ్లు రెండు.

"ఇది బ్యాటరీతోనే చెయ్యాలి. ఎవరైనా గోడ ప్లగ్గు జోలికెళ్లారో, వీపు విమానం మోతే!" అని ముందే బెదిరించాను.

వాన నీళ్లలో బల్బు వెలగలేదు. బోరు నీళ్లలో బాగా వెలిగింది. ఫిల్టరు నీళ్లలో ఉప్పు తక్కువ కాబట్టి మినుకుమంటుందని చెప్పి, టిన్ను నీళ్లలో పెన్సిళ్లు ముంచాను. బోరు నీళ్లలో ఎంత వెలిగిందో అంతే వెలిగింది!

"ఎవర్రా ఇందులో ఉప్పేసింది?"

ఎవరూ వేయలేదన్నారు. నేను నమ్మితే కదా! గ్లాసు వాన నీళ్లతో కడిగి, పెన్సిళ్లు తుడిచి, టిన్ను నీళ్లు నేనే పట్టాను. మళ్లీ అదే వెలుగు.

ప్లాంటు వాళ్ల అమ్మాయికి రోషం వచ్చింది. "మా నీళ్లు మంచివేనండీ మేడం! ఇవీ మా ప్లాంటువే, చూడండి" అంటూ ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా చేతికిచ్చింది. ఆ నీళ్లలో వెలుగు కళ్లు చికిలిస్తే గానీ కనబడలేదు. "చూశారాండీ!" అని సంబరపడింది. అంతలోనే టిన్ను వైపు చూసేసరికి ఆ పిల్ల ముఖం పాలిపోయింది. అయ్యో అనిపించింది నాకు.

సాయంత్రం కూతురి కోసం వచ్చిన తండ్రిని గేటు దగ్గరే ఆపాను.

"ఏవండీ, టిన్నుల్లో పోసేవి ఫిల్టరు నీళ్లేనాండీ?"

ఆయన నవ్వు చెదరలేదు. "టిన్ను మీద మంచినీళ్లని రాశామండీ మేడం గారూ. ఫిల్టరు నీళ్లని ఎక్కడైనా ఉందాండీ? తాగే నీళ్లన్నీ మంచినీళ్లే కదండీ."

ఒళ్లు మండిపోయింది. ఎంత తెలివి! నేను నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి అడిగింది.

"మరి నాకు వేరేగా ఎందుకు పడతన్నావు నాన్నా?"

ఆయన బండి స్టార్టు చేశాడు. అమ్మాయి ఎక్కలేదు. సీసా నీళ్లు అక్కడే నేల మీద ఒంపేసి, నడిచి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి టిన్ను నీళ్లలో బల్బు మినుకుమనడం మొదలైంది. అయినా నేను వదలను, రోజూ పరీక్ష చేయిస్తాను. చేసేది ఆ అమ్మాయే. తనే అడిగి తీసుకుంది. నాన్న పంపిన నీళ్లలో పెన్సిళ్లు ముంచి, బల్బు చూశాకే అందరితో పాటు తాగుతుంది.