మామయ్య కడుపులోని పొర

మా అత్తగారింట్లో బైపీసీ చదివినదాన్ని నేనొక్కదాన్నే. మిగతావాళ్లంతా కామర్స్. బీటు బజారులో తరతరాలుగా బెల్లం, చక్కెర అమ్ముకునే ఇంట్లో ఇంకేం చదువుతారు? పెళ్లయిన ఇన్నేళ్లలో నా బైపీసీ గురించి అడిగినవాళ్లు లేరు. మామయ్యకు కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయని, ఇంట్లోనే కడుపు ద్వారా డయాలిసిస్ చేసుకోవచ్చని డాక్టరమ్మ చెప్పిన రోజు మాత్రం అందరూ ఒక్కసారిగా నా మొహం చూశారు. కోడలు బైపీసీ కదా అని అత్తమ్మ తేల్చేసింది. ఇంటర్లో ఒక కప్పను కోసిన పాపానికి మామగారి ప్రాణం నా చేతిలో పెట్టడం ఏం న్యాయమో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఇంకో దారి లేకపోలేదు. వారానికి మూడు రోజులు దవాఖానలో మెషీన్ పక్కన పడుకోవాలి. వెళ్లి రావడం, వచ్చాక నీరసం, అన్నీ కలిపితే షాపు మూసినట్టే. మామయ్యను షాపు లేకుండా మేమెవరమూ ఊహించుకోలేదు. పండగ రోజు కూడా ఒక గంట షట్టర్ ఎత్తి గద్దె మీద కూర్చుని వచ్చే మనిషి. అందుకే అందరం కడుపు డయాలిసిస్‌కే తల ఊపాం.

డాక్టరమ్మ ఓపికగానే చెప్పింది. అందరి కడుపులోనూ పేగుల చుట్టూ ఒక పల్చని పొర ఉంటుందట. బొడ్డు పక్కన చిన్న గొట్టం అమర్చి, దానిలోంచి చక్కెర కలిపిన నీళ్లు లోపలికి వదిలి, కొన్ని గంటలు ఉంచితే రక్తంలోని మలినాలు, ఎక్కువైన నీళ్లు ఆ పొర దాటి ఇటు వచ్చేస్తాయట. తర్వాత ఆ నీళ్లు తీసేసి కొత్తవి నింపాలి, రోజూ మూడు నాలుగు సార్లు. ఇక నుంచి ఆ పొరే మీ మామగారికి కిడ్నీ అంది.

నా గందరగోళం అక్కడ మొదలైంది. పొర అనగానే నాకు కణత్వచం గుర్తొచ్చింది. రెండు వరుసల కొవ్వు, మధ్యలో అక్కడక్కడా ప్రోటీన్లు, అర్ధపారగమ్యం. నిద్రలో లేపి అడిగినా బొమ్మ గీసేదాన్ని. కానీ ఈ పొర వేరట, ఇది కణాలతో అల్లిన పొర. మరి ఒక్కో కణానికీ మళ్లీ దాని సొంత పొర ఉంటుంది కదా, అంటే ఇది పొరలతో చేసిన పొరా అని అడిగాను. డాక్టరమ్మ నవ్వి, అవును, అందులోని సన్న రక్తనాళాల గోడల్లో ఉంది అసలు పని అంది. ఆ కణాల పొరల్లో నీళ్లు మాత్రమే పట్టే సందులు ఉంటాయట. మలినాలు కణానికీ కణానికీ మధ్య ఖాళీల్లోంచి వస్తాయట. చక్కెర కూడా ఆ ఖాళీల్లోంచే మెల్లగా అటు జారుతుందట. ఎవరు ఎటు పోతున్నారో, ఎవరికి ఏ దారో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఆపైన ఇంకో అయోమయం. మామయ్యకు ఇరవై ఏళ్లుగా షుగర్. బెల్లం దిమ్మెల మధ్య కూర్చుని చిన్న ముక్క నోట్లో వేసుకోని మనిషి కడుపులోకి మేమే చక్కెర నీళ్లు పంపాలట.

మామయ్యకు మాత్రం క్షణంలో అర్థమైంది. వానాకాలంలో బెల్లం గాలిలోని తేమను ఎట్లా గుంజుకుని చెమరుస్తుందో ఆయనకు తెలుసు. చక్కెర ఉన్న దిక్కుకు నీళ్లు నడిచి వస్తాయి, అంతే కదా అన్నారు. డాక్టరమ్మ మెచ్చుకుంది. నాకు కొంచెం ఉక్రోషం వచ్చిన మాట నిజం.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మామయ్య నేనున్న గదిలోకో వంటింట్లోకో రావాలంటే గుమ్మానికి అవతలే ఆగి ఒకసారి దగ్గుతారు. నేను కొంగు సర్దుకుని లేచి నిలబడ్డాక లోపలికి వస్తారు. మా బజారులో చాలా ఇళ్లల్లో ఈ దగ్గు ఉంది. జలుబు దగ్గు వేరు, ఈ దగ్గు వేరు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు తేడా తెలియక ఒకరోజు మిరియాల కషాయం కాచి పంపాను. అత్తమ్మ దాన్ని తలుచుకుని ఇప్పటికీ నవ్వుతుంది.

అట్లాంటి మామయ్య నా ముందు చొక్కా విప్పి కూర్చోవాల్సి వచ్చింది. మడికొండలో కొత్తగా కట్టుకున్న ఇంట్లో చివరి గదికి సున్నం వేయించి, కిటికీలు బిగించి, ఆ చక్కెర నీళ్ల సంచులు తగిలించడానికి గోడకు కొక్కెం కొట్టించాం. అత్తమ్మకు చేతులు వణుకుతాయి. మా ఆయన గొట్టం చూసిన మొదటి రోజే గోడకు చేరగిలబడి జారిపోయాడు. ఇక మిగిలింది నేను. తలుపు మూసి, ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకుని, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని గొట్టం మూత తీసేదాన్ని. మొదటి రోజుల్లో మామయ్య గోడ వైపు తిరిగి కూర్చునేవారు. నేను గొట్టాన్ని తప్ప ఇంకేదీ చూడలేదు. ఫ్యాను లేని గదిలో ఇద్దరం చెమటలు కక్కుతూ, ఒక్క మాట లేకుండా, నీళ్లు దిగే చప్పుడు వింటూ ఉండేవాళ్లం.

తర్వాత మెల్లగా మాటలు వచ్చాయి. రఘునాథపల్లి నుంచి వచ్చే షావుకారు ఎంత మొండివాడో, స్టేషన్ ఘన్‌పూర్ గిరాకీ బెల్లం రంగు చూడకుండా వాసనతోనే ఎట్లా బేరం చేస్తాడో చెప్పేవారు. నాకు బెల్లం గురించి తెలిసిందంతా ఆ గదిలో తెలిసిందే. దిగిన నీళ్ల సంచి తూకం వేసి, పోసినదానికంటే ఎక్కువ వస్తే "లాభమే బిడ్డా" అనేవారు. ఎప్పుడు మానేశారో గమనించలేదు కానీ, ఆ దగ్గు ఆగిపోయింది. నేరుగా వంటింట్లోకి వచ్చి టైమైందని చెప్పేవారు. నేను కూడా కూర్చున్న చోటి నుంచి లేవడం మర్చిపోయాను. ఆ రోజులు నాకు బాగున్నాయి. కన్న తండ్రితో కూడా నేను అంతసేపు మాట్లాడలేదు.

మధ్యాహ్నం సంచి మాత్రం ఆయనే షాపు వెనక గదిలో మార్చుకునేవారు. నర్సు నేర్పింది, చక్కగా వచ్చింది కూడా. సంచుల అట్టపెట్టెలన్నీ షాపుకే వచ్చేవి. సంచుల్లో మూడు రకాలు. పసుపు మూతది తక్కువ చక్కెర, ఆకుపచ్చది మధ్యరకం, ఎర్ర మూతది చిక్కటిది. కాళ్లు బాగా వాచిన రోజున తప్ప ఎర్రది ముట్టొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. తాగే నీళ్లకు కూడా కొలత పెట్టింది, చాయ్‌తో సహా.

రెండో ఏడు వానాకాలంలో లెక్క తప్పింది. పోసినన్ని నీళ్లే తిరిగి రావడం మొదలైంది, ఒక్కోసారి అంతకంటే తక్కువ. కాళ్లు వాచాయి. సూది మందు పెంచినా షుగర్ దిగలేదు. సంచి తూకం వేస్తుంటే మామయ్య అటు తిరిగి చొక్కా గుండీలు పెట్టుకునేవారు. లాభం మాట ఎత్తేవారు కాదు. నాకు భయం పట్టుకుంది. నేనే ఏదో తప్పు చేశాను, నా చేతుల్లోంచి ఏదో లోపలికి పోయింది అనుకున్నాను. లోపల చీము పడితే నీళ్లు కలకబారాలి, దిగిన నీళ్లు తేటగానే ఉన్నాయి కదా అని మా ఆయన సర్దిచెప్పాడు. అయినా చేతులు తోలు లేచేదాకా కడిగాను.

ఆ అయోమయంలోనే ఒకరోజు రెండు ఆలుగడ్డలు తీసుకున్నాను. చిన్నప్పుడు బడిలో చేసిన ప్రయోగం. ఒకటి పచ్చిది, ఒకటి ఉడికించినది. రెండింటికీ మధ్యలో గుంట తొలిచి, చెంచాడు చక్కెర వేసి, నీళ్లున్న పళ్లేల్లో నిలబెట్టాను. కూరకు పెట్టినవాటితో ఆటలేంటని అత్తమ్మ గొణిగింది. సాయంత్రానికి పచ్చిదాని గుంట అంచుదాకా నీళ్లతో నిండింది. ఉడికినదాని గుంటలో నీళ్లు ఎక్కలేదు, చక్కెర కూడా లేదు. పళ్లెంలో నీళ్లు వేలితో తీసి నాకితే తియ్యగా ఉన్నాయి.

చూడటానికి రెండూ ఆలుగడ్డలే. పచ్చిదానిలో కణాలు బతికున్నాయి కాబట్టి ఏది రావాలో ఏది ఆగాలో వాటికి తెలుసు. ఉడికినదానిలో పొరలు చచ్చిపోయాయి, చక్కెర ఆగలేదు, నీళ్లు రాలేదు. అంతవరకు తెలిసింది. మామయ్య కడుపులోని పొరను అట్లా ఉడికించిందెవరో మాత్రం తెలియలేదు. ఆ రెండు ఆలుగడ్డలూ పారేయడానికి కూడా చేయి రాక చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను.

డాక్టరమ్మ పొరకు పరీక్ష చేయించింది. పొర మారిపోయిందని చెప్పింది. ఖాళీలు పెరిగి, చక్కెర పోయగానే రక్తంలోకి జారిపోతోందట. నీళ్లను గుంజడానికి ఇటువైపు చక్కెరే మిగలడం లేదట. ఎర్ర సంచులు ఎక్కువగా వాడారా అని అడిగింది. లేదు అని నేను ఠక్కున చెప్పాను. ఇంట్లో నేను వాడింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మామయ్య మాత్రం కండువా కొసను వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు. అప్పుడు అర్థమైంది నాకు.

తిరిగి వచ్చి కారు దిగాక, ఇంటి గేటు దగ్గర ఇక ఆగలేకపోయాను. జన్మలో ఆయనకు ఎదురు చెప్పనిదాన్ని నోరు తెరిచాను.

"రోజూ ఎర్రదే పెట్టుకున్నరా మామయ్యా?"

"మధ్యాహ్నం పూట." ఆయన నేల చూశారు. "గిరాకి వస్తే చాయ్ చెప్తం. వాళ్లు తాగుతాంటే నేను ఊకె కూసుంటే ఎట్లుంటది బిడ్డా? ఒక్కపూట వద్దంటే ఒంట్ల బాగలేదేమో అంటరు. రోజూ వద్దంటే ఈ షావుకారు పని అయిపోయిందంటరు. చాయ్ తాగిన, ఎర్రది పెట్టుకున్న. తాగినయన్ని వచ్చేస్తున్నయి గదా, ఇగ ఫికర్ ఏంది అనుకున్న."

అంటే బెల్లం లెక్కే. ఎంత తీపి వేస్తే అంత నీళ్లు. ఆ లెక్కలో తప్పు లేదు. మధ్యలో ఉన్నది బతికున్న పొర అని, అంత తీపికి అది అలిసిపోతుందని ఆయన లెక్కలో లేదు. నా లెక్కలో ఉండాల్సింది, నా లెక్కలోనూ లేదు. ఆయన మీద కోపం, జాలి రెండూ ఒక్కసారే వచ్చి ఏది పైన ఉందో తెలియలేదు. తర్వాత డాక్టరమ్మను ఫోన్‌లో అడిగాను, అంతా ఆ ఎర్ర సంచుల వల్లేనా అని. కావొచ్చు, కొందరికి అవి వాడకపోయినా ఇట్లాగే అవుతుంది, ఖచ్చితంగా చెప్పలేం అంది. సరిగ్గా కోపం తెచ్చుకునే వీలు కూడా లేకుండా పోయింది.

పొరకు కొన్నాళ్లు విశ్రాంతి ఇచ్చి చూద్దామన్నారు. ఆ రోజుల్లో మామయ్య దవాఖానకు పోయి మెషీన్ మీద పడుకున్నారు. తిరిగి వస్తూ కారు అద్దంలోంచి చూస్తే బజారు దిక్కు మూలమలుపు కనిపిస్తుంది. అటు చూడకుండా కళ్లు మూసుకునేవారని మా ఆయన చెప్పాడు. నేను మొక్కని దేవుడు లేడు. పొర కోసం మొక్కుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

రెండో పరీక్షలోనూ పొర కోలుకోలేదు. గొట్టం తీసేశారు. మెషీనే గతి. షాపులో ఇప్పుడు మా ఆయన కూర్చుంటాడు. ఆ వెనక గదిలో మళ్లీ బెల్లం దిమ్మెలు పేర్చారు. మా ఇంటి చివరి గదిలో కొక్కెం అట్లాగే ఉంది. అటు పోయినప్పుడల్లా అలవాటుగా ఫ్యాను స్విచ్ ఆపుతున్నాను.

గొట్టం తీసిన తర్వాత, దవాఖాన లేని ఒక పొద్దున నేను వంటింట్లో పీట మీద కూర్చుని బియ్యం ఏరుతున్నాను. గుమ్మం అవతల దగ్గు వినిపించింది. జలుబు దగ్గు కాదు. నా చేయి నాకు తెలియకుండానే కొంగు అందుకుంది. లేచి నిలబడ్డాను. రెండేళ్లు రోజూ ఆ కడుపు మీద పట్టీ మార్చిన చేతులివి. ఇప్పుడు నా ముందుకు రావడానికి దగ్గాలా అని ఏడుపొచ్చింది.

రండి మామయ్యా అన్నాను. ఆయన వెంటనే రాలేదు. గుమ్మం అవతలి నుంచే అన్నారు.

"నీ ముందట దగ్గుడు నాకు సిగ్గనిపిస్తాంది బిడ్డా. దగ్గకుంటనేమో ఎక్కడిదాకా రావాల్నో సమజైతలేదు."

మళ్లీ రమ్మంటే కొత్త మనిషిని పిలిచినట్టుంటుంది, ఊరుకుంటే పొమ్మన్నట్టుంటుంది. స్టవ్ మీద చాయ్ ఉంది. ఆయనకు రాసిచ్చిన కొలత ఎంతో నాకు తెలుసు. సగం గ్లాసు వంచి, నేనే గుమ్మం దాకా తీసుకుపోయాను. ఆయన అవతల, నేను ఇవతల, ఆయన ఆ సగం గ్లాసు తాగేదాకా అక్కడే నిలబడ్డాం.