ఎండంటే పడని మా బావ

మా బావకి ఎండంటే పడదు. ఒంటికి కాదు, రంగుకి. నలభై ఏళ్లుగా నూలుకి రంగు వేస్తున్న మనిషి. షెడ్డు కిటికీలకు గోనెపట్టాలు, తొట్లకు మూతలు, నూలు ఆరేది నీడలోనే. ఎవరైనా మూత తీసి మరిచిపోతే ఆ రోజు వాడికి మూడినట్టే. నాకు రెండుసార్లు మూడింది.

అలాంటి షెడ్డుకే తాళం పడేలా ఉంది. కాలువలోకి వదిలే నీళ్లు నీలంగా ఉన్నాయనీ, సోమవారానికి తేటపడకపోతే మూయిస్తామనీ అధికారులు చెప్పి వెళ్లారు. అప్పటినుంచి బావ అన్నం సగంలోనే లేచిపోతున్నాడు.

శనివారం పొద్దున్నే నా మేనకోడలు, అంటే బావ కూతురు, సీసా పట్టుకుని దిగింది. కాలేజీ ప్రయోగశాలలో పని చేస్తుంది. సీసా నిండా నానిన సగ్గుబియ్యంలాంటి తెల్లటి జిగురు పూసలు. అవి రంగునీళ్లు పీల్చుకుంటాయట. వెలుతురు తగిలితే లోపలున్న పొడి ఆ రంగుని విరిచేస్తుందట. వెలుతురు అన్నచోట బావ చెవులు మూతపడ్డాయనుకుంటాను. ఆమె పూసల్ని వలసంచుల్లో పోసి, కాలువలోకి పోయే నీళ్లు నిలిచే మురుగుతొట్టిలో వేలాడదీసి కాలేజీకి వెళ్లింది.

సాయంత్రం చూస్తే పూసలూ నీలమే, నీళ్లూ నీలమే. పిల్ల ముఖం పాలిపోయింది. ఆరు నెలల కష్టం మరి. బావ ఆమెను ఓదారుస్తూనే, పక్కనున్న మూత లాగి తొట్టి మీద కప్పబోయాడు.

నాకు ఒళ్లు మండింది. "బావా, పొద్దున్నించీ ఇది మూసే ఉందా?"

"మూయకపోతే రంగు వెలిసిపోదూ?" అన్నాడు.

అన్నాక చెయ్యి అక్కడే ఆగిపోయింది. మేనకోడలు పడీపడీ నవ్వింది.

ఆదివారం తెల్లారగానే బావే నిచ్చెనెక్కి తొట్టి పైనున్న రేకులు విప్పాడు. ఎండ నేరుగా నీళ్లలో పడింది. ముగ్గురం గట్టు మీద కూర్చున్నాం, కాఫీ కూడా గుర్తు రాలేదు. పదింటికి నీలం పలచబడింది. ఒక మబ్బు అడ్డొస్తే బావ తలెత్తి దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. మధ్యాహ్నం దాటేసరికి పూసలు తెల్లబడ్డాయి. తొట్టి అడుగున ఇత్తడి కొలగ్లాసు కనిపించింది. ఆరేళ్ల కిందట నేనే పోగొట్టానని బావ నన్ను తిట్టిపోసిన గ్లాసు. ఆ సంతోషంలో క్షమించేశాను.

సోమవారం అధికారులు నీళ్లు సీసాలో పట్టి చూశారు, పరీక్ష చేశారు, షెడ్డు నడుపుకోమని రాసిచ్చి వెళ్లారు. రేకులు తిరిగి బిగిద్దామని నేను నిచ్చెనెక్కబోయాను.

బావ నా చొక్కా పట్టుకుని ఆపాడు. "ఉండనీరా. ఎండ పడనీ."