అవ్వ బతికే ఉందని ఏ ఫోన్ నమ్మింది

మా తమ్ముడు కొత్త ఫోన్ కొన్న రోజు మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకముందే దాన్ని జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. పురిటి బిడ్డను అందించినట్టు రెండు చేతులతో అందించాడు. మెడ కింద చెయ్యి పెట్టి పట్టుకోమని చెప్పలేదు, అదొక్కటే తక్కువ.

"అక్కా, దీని కెమెరా సూడు. చంద్రుని మీద గుంతలు గూడ కనవడ్తయి" అన్నాడు.

"మన ఊరి రోడ్డు మీది గుంతలు కనవడ్తయా?" అన్నాను.

నేను నిజామాబాద్‌లో సర్కారు బడి టీచర్ని. తమ్ముడు ఉండేది బోధన్ అవతల నిజాంసాగర్ కాలువ పక్కన, మేము పుట్టిన ఊళ్లోనే. మూడెకరాల చెరుకు తోట, ఒక చిన్న ఎరువుల దుకాణం. అవ్వ కూడా అక్కడే ఉంటుంది. మేము అమ్మను అవ్వ అనే పిలుస్తాం.

నా ఫోన్ సంగతి కూడా చెప్పాలి. బడిలో హాజరు ఫోన్లోనే వెయ్యాలని ఆర్డరు వచ్చినప్పుడు, దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా చవకది ఏదో అది ఇమ్మని తెచ్చుకున్నాను. ఒకసారి జొన్నపిండి డబ్బాలో పడింది, రెండుసార్లు స్కూటీ మీదినుంచి పడింది. అద్దం మీద ఒక పగులు, మ్యాపులో మంజీర నది లాగా వంకరటింకరగా పోతుంది. అయినా రెండు రోజులకు ఒకసారి చార్జింగ్ పెడితే చాలు. ఖర్చు పెట్టడానికి దాని లోపల ఏమీ లేదు కాబట్టి పొదుపుగా బతుకుతుంది.

తమ్ముడి ఫోన్ అట్లా కాదు. పొద్దున నిండుగా లేస్తుంది, మధ్యాహ్నానికి నీరసపడుతుంది. ఎవరింటికి పోయినా వాడు ముందు మంచినీళ్లు అడగడు, ప్లగ్గు ఎక్కడుందని అడుగుతాడు. పైగా అది తడి చేతిని ఒప్పుకోదు, దుమ్ము చేతిని ఒప్పుకోదు. ఎరువుల దుకాణం వాడికి ఈ రెండూ కాని చెయ్యి ఎప్పుడు దొరుకుతుంది? మోచేత్తో నొక్కేవాడు. నాది అయితే తొడ మీద ఒక్కటి కొడితే పలుకుతుంది.

సిమ్ముల దగ్గర కూడా మాకు పొత్తు కుదరలేదు. వాడిదొక కంపెనీ, నాదొక కంపెనీ. వాడి సిమ్ము మా వీధిలో చచ్చిపోతుంది. ఒకసారి మా బాల్కనీలోంచి సగం ఒళ్లు బయటికి వంచి, "హలో, హలో, అరే ఇనవడ్తలేదు!" అని వాడు అరుస్తుంటే, ఆస్తి కోసం నాతో కొట్లాటకు వచ్చాడేమోనని ఎదురింటివాళ్లు తలుపులు తీసుకుని నిలబడ్డారు. నా సిమ్ము వాళ్ల ఊళ్లో చచ్చిపోతుంది. బర్రెల కొట్టం గోడ పక్కన, అదీ కాస్త ఎడమవైపు ఒరిగి నిలబడితే, మళ్లీ ప్రాణం పోసుకుంటుంది.

వాడి సిమ్ముకు ఊళ్లో ఇంకో రోగం. చెరుకు మనిషెత్తు దాటిందంటే సిగ్నల్ తగ్గుతుంది. కొట్టేసిన తర్వాత మళ్లీ వస్తుంది. ఇందులో సైన్సు ఎంతో నాకు తెలీదు కానీ ఊరంతా అదే మాట.

"చెరుకు నీళ్లు తాగుతదని ఎర్కనే గని, గిది గూడ తాగుతదా?" అని అవ్వ ఒక్కతే ఆశ్చర్యపోయింది.

ఇట్లా మా ఇద్దరి ఫోన్ల పోటీ నవ్వులాటగానే నడిచేది, అవ్వ పింఛను మధ్యలోకి వచ్చేదాకా.

అవ్వ నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. ఆ పనికి పీఎఫ్ పింఛను వస్తుంది. అయితే ఏడాదికి ఒకసారి తాను బతికే ఉన్నానని అవ్వ రుజువు చేసుకోవాలి. ఇదివరకు బోధన్‌లో ఆన్‌లైన్ సెంటర్‌కు పోయి మిషన్ మీద వేలు పెట్టేది. నలభై ఏళ్లు తునికాకు మడిచి, తంబాకు నింపి, దారం చుట్టిన వేళ్లు అవి. గీతలన్నీ అరిగిపోయాయి. ఏటా ఆ మిషన్ పది సార్లు కాదని, పదకొండోసారి అయిష్టంగా అవునని అనేది. ఈసారి పది వేళ్లు పెట్టినా ఒక్కదానికీ అవుననలేదు. అక్కడి ఆపరేటర్, ఇప్పుడు ముఖం చూపిస్తే కూడా అవుతుందనీ, ఇంట్లోనే ఫోన్లో చేసుకోవచ్చనీ చెప్పి పంపాడు.

తమ్ముడు నాకు ఫోన్ చేసి, "నా ఫోన్‌తోని రెండు నిమిషాల పని అక్కా" అన్నాడు.

ఆ రెండు నిమిషాల పని చూద్దామని ఆదివారం పొద్దున్నే బోధన్ బస్సెక్కాను. శివరాత్రి పోయి ఎండలు అప్పుడే మొదలయ్యాయి.

నేను పోయేసరికి అవ్వ తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, బొట్టు పెద్దగా పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. తమ్ముడు యాప్ తెరిచాడు. ముందు యాప్ నడిపేవాడి ముఖం చూపించాలట, ఆ తర్వాతే పింఛనుదారు ముఖం. తమ్ముడు చిరునవ్వుతో తన ముఖం చూపించాడు. సరిపోలలేదంది. నవ్వు తీసేసి చూపించాడు. సరిపోలలేదంది. వాడు పోయిన నెలలో మొక్కు తీర్చుకుని గుండు చేయించుకున్నాడు. ఆధార్ ఫోటోలో వాడికి నుదుటి నిండా జుట్టు.

"రోజుకు నూరుసార్లు నీ మొఖం సూసి తలుపు తీసే ఫోనే గదరా!" అన్నాను.

"అది ఫోను, ఇది యాపు. రెండు వేరు" అని వాడు సీరియస్‌గా చెప్పి, కిటికీ దగ్గరికి పోయి ఇంకో మూడుసార్లు చూపించాడు. చివరికి ఒప్పుకుంది.

ఇక అవ్వ వంతు. యాప్ రెప్పలు ఆర్పమంటుంది. ఆర్పితేనే ఎదురుగా ఉన్నది ఫోటో కాదు, మనిషి అని దాని నమ్మకం. అవ్వ ఫోన్ వంక గుడ్లు మిటకరించి చూస్తూ కూర్చుంది.

"రెప్ప కొట్టవే అవ్వా!"

"ఎట్ల కొట్టాలె? పెండ్లి కొత్తల బోధన్ల ఫోటో దిగినప్పుడు, రెప్ప కొడితె ఫోటో ఖరాబైతదని గా ఫోటోలాయన గుడ్లురిమి చెప్పిండు. మీరేమో కొట్టుమంటరు. ఎవ్వల మాట ఇనాలె?"

కొట్టమన్నాక ఒక కన్ను కొట్టింది. తర్వాత రెండు కళ్లూ మూసి, ఫోటో అయిపోయిందనుకుని అట్లాగే ఉండిపోయింది. ఏడోసారి ఎట్లాగో కుదిరింది. పంపించే బటన్ నొక్కగానే తెర మీద గుండ్రంగా చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది. ఇంటికి మూడు పక్కలా చెరుకు ఏపుగా నిలబడి ఉంది.

డాబా మీదికి ఎక్కాం. అక్కడ సిగ్నల్ ఉంది, ఎండ కూడా ఉంది. మళ్లీ తమ్ముడి ముఖం, మళ్లీ అవ్వ రెప్పలు. అంతలో ఫోన్ తెర దానంతటదే మసకబారింది. వేడెక్కింది, చల్లబడేదాకా ఆగమని రాసింది. మేము ముగ్గురం ఎండలోనే నిలబడి ఉన్నాం, మాకెవరికీ ఏమీ కాలేదు. అవ్వ కిందికి పోయి, తాను బీడీలు చుట్టేటప్పుడు ఒళ్లో పెట్టుకునే చాట తెచ్చి ఫోన్‌కు విసరడం మొదలుపెట్టింది.

"పాపం, దీనికి గూడ ఎండదెబ్బ తాకినట్టుంది. జర ఉల్లిగడ్డ రసం రాస్తమా?" అంది.

నేను నవ్వాను. తమ్ముడు మొహం ముడుచుకుని, "అయితె నీ ఫోన్‌తోని చెయ్యి మరి" అన్నాడు.

నా ఫోన్‌కు సిగ్నల్ కొట్టం దగ్గరే. కుర్చీ అక్కడికి మార్చాం. అవ్వ కొత్త చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పేడ తప్పించుకుంటూ వచ్చి కూర్చుంది. నేను ఎడమవైపు ఒరిగి నిలబడ్డాను. నా ముఖాన్ని యాప్ వెంటనే ఒప్పుకుంది. ఆ ఆనందంలో ఉండగానే వెనకనుంచి బర్రె మూతి పెట్టింది. ముఖం చుట్టూ తిరిగే పచ్చగీత ఒక్క క్షణం అవ్వను వదిలి బర్రె మీదికి పోయింది.

"దాని పేరే రాయుండ్రి. దానికన్న వస్తది పింఛను" అంది అవ్వ.

బర్రెను జరిపి ఎన్నిసార్లు ప్రయత్నించినా ముఖం స్పష్టంగా లేదనే వచ్చింది. నా ఫోన్లో అవ్వ నిజంగానే పొగలోంచి చూస్తున్నట్టు కనిపించింది. మధ్యాహ్నం దాటింది. తమ్ముడూ నేనూ, నీ ఫోన్ ఇట్లా, నీ సిమ్ము అట్లా అని వాదించుకుంటూనే ఉన్నాం. అవ్వ నవ్వడం మానేసిందని నేను ఆలస్యంగా గమనించాను. బొటనవేలిని చీర కొంగుతో తుడిచి తుడిచి చూసుకుంటోంది.

"ఏలు వెడితె ఏలు లేదన్నది. మొఖం వెడితె మొఖం లేదంటున్నది. ఇంగ ఏం సూపియ్యాలె బిడ్డా?" అంది.

అవ్వ కొత్త చీర విప్పి మడత పెట్టి దాచేసింది.

మర్నాడు బడి విడిచాక, నిజామాబాద్ బజారులో ఫోన్లు బాగుచేసే చాచా దగ్గరికి పోయాను. వాళ్ల తాతల కాలంలో అది గడియారాల దుకాణం. చాచా కంటికి భూతద్దం తగిలించుకుని నా ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. దూదిని ఏదో ద్రావకంలో ముంచి కెమెరాను రుద్దాడు. దూది నల్లబడింది.

"ఫోన్ ఖరాబ్ కాలేదు బేటీ. నీ వంటింటి తేల్, గా నూనె జిడ్డంత కెమెరా మీదనే జమైంది. దాని మీద బడిల చాక్‌పీసు పొడి. గిట్లుంటే ఇంట్ల నీ మియా గూడ నిన్ను గుర్తువట్టడు" అన్నాడు.

సిగ్గుతో, మాట మార్చడానికి, "చాచా, ఏ కంపెనీ సిమ్ము మంచిది?" అని అడిగాను. ఆయన జేబులోంచి ఒక ఫోను, సొరుగులోంచి ఇంకో ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

"దుకాణంల ఇది వడ్తది. ఇంట్ల గిది. మా బేగం మాయికెకు, గదే తల్లిగారింటికి, పోతె రెండూ వట్టవు, గందుకే ఆమె ఆడికి పోతనంటే నేను వద్దనను" అని నవ్వాడు. "నువ్వు నిలవడ్డ జాగల ఏది వడ్తదో అదే మంచిది. గంతే."

రెండో ఆదివారానికి కాలువ గట్టు పక్క తోట కొట్టడం మొదలైంది. మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీలు అక్కడే గుడిసెలు వేసుకున్నారు. కొట్టిన మేరకు నేల ఖాళీ అయింది, తమ్ముడి సిమ్ము బతికింది. కెమెరా నాది బాగానే ఉంది, నెట్టు వాడిది బాగుంది. కాబట్టి వాడి ఫోన్‌ను తడి తువ్వాలు మీద చెరుకు బండి నీడలో పడుకోబెట్టి, దాని నెట్టును నా ఫోన్‌కు కలుపుకున్నాం. కలిపేటప్పుడు వెతికితే నా తెర మీద నెట్టు పేరు 'షుగర్ కింగ్' అని కనిపించింది.

"ఇదెవ్వల్దిరా?"

"నాదే" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

అవ్వ ఈసారి కొత్త చీర కట్టలేదు. మీ ఇష్టం అన్నట్టు వచ్చి గట్టు మీద కుర్చీలో కూర్చుంది. నేను ఫోన్ పట్టుకున్నాను. రెప్పల దగ్గర మళ్లీ అదే గొడవ. చెరుకు మోపు కడుతున్న ఒక కూలీ ఆమె కాసేపు మమ్మల్ని చూసి, కొడవలి కింద పెట్టి వచ్చి నా వెనకాల నిలబడింది.

"డోళే మిటా, ఆజీ" అని, తానే అవ్వకు ఎదురుగా రెప్పలు మూసి తెరిచి చూపించింది. బోధన్ అంగట్లో కూరగాయలు బేరమాడి బేరమాడి మా అవ్వకు ఆ మాత్రం మరాఠీ వచ్చు. ఆమెను చూసి తానూ మూసి తెరిచింది. ఆమె మళ్లీ మూసింది, అవ్వ మళ్లీ మూసింది. ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఆ నవ్వులోనే పచ్చగీత నిండి, చక్రం రెండు తిప్పులు తిరిగి, పత్రం అందిందని వచ్చింది.

"నా ఫోన్!" అన్నాను.

"నా నెట్టు!" అన్నాడు తమ్ముడు.

అవ్వ మమ్మల్ని పట్టించుకోలేదు. రవికెలోంచి బటన్ల ఫోన్ తీసి, తనతో పాటు బీడీలు చుట్టిన స్నేహితురాలికి ఫోన్ కలిపింది. "ఏమే, నేను బతికే ఉన్ననట. ఇప్పుడే సెప్పిండ్రు. నువ్వు గూడ రా" అంది.

గంట తిరగకుండా ఏడుగురు ఆడవాళ్లు ఆధార్ కార్డులు ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని గట్టు మీదికి వచ్చారు. అందరి వేళ్లూ అవ్వ వేళ్లే. అవ్వ ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి, రెప్పలు ఎట్లా కొట్టాలో పెద్ద అనుభవం ఉన్నదానిలా నేర్పించింది. తమ్ముడు తన ఫోన్ కింది తువ్వాలును రెండుసార్లు తడిపాడు. ఇద్దరం పోట్లాడుకోకుండా అంతసేపు పనిచేయడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

ఆరుగురికి అయింది. అందరికన్నా పెద్దామెకు కాలేదు. ఆధార్ ఫోటోలో ఆమెకు నిండు బుగ్గలు, ఇప్పుడు పళ్లన్నీ పోయి బుగ్గలు లోపలికి పోయాయి. ఎన్నిసార్లు చూపినా సరిపోలలేదు. "ఉండనీ బిడ్డా, నా మొఖం నేనే గుర్తువడ్తలేను" అని లేచి పోబోయింది. నేను పోనివ్వలేదు. ఆ వారంలో ఒకరోజు సెలవు పెట్టి, ఆమెను నిజామాబాద్ రప్పించి, ఆధార్ సెంటర్‌లో కొత్త ఫోటో తీయించాను. అది మారడానికి కొన్ని రోజులు పట్టింది. మారాక ఆమె మళ్లీ వచ్చింది. మా బాల్కనీలో, నా సిమ్ముతోనే, మొదటిసారికే అయిపోయింది.

అయిందని ఆమెకు చెప్పాను. కొత్త కార్డు మీది ఫోటో చూపించమంది. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ముసల్ది మంచిగనే ఉంది" అని, కార్డును కవర్లో పెట్టుకుని, బోధన్ బస్సు ఎన్ని గంటలకని అడిగింది.